ఎనిమిది మూలల గదికి సున్నం

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను హెరిటేజ్ వాక్ అనే దానికి లాక్కెళ్ళింది. హైదరాబాదులో ఇప్పుడిదొక వేడుక. ఆదివారం తెల్లారగానే బూట్లు వేసుకుని, మెడలో అట్టముక్క వేలాడేసుకుని, టిక్కెట్టు కొనుక్కుని మరీ పాతబడ్డ గోడలు చూసి రావాలి. మోకాళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికి తోడు రమ్మంటే దానికి తీరిక దొరకదు. దీనికి మాత్రం ముందే ఆటో పిలిచి గుమ్మంలో నిలబెట్టింది.

మమ్మల్ని తిప్పిన అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. చెప్పుల కొట్టు వెనకాల గోడలో దాక్కున్న మెట్లు చూపించింది. ఏటీఎం పక్క సందులో బండపలక మూసేసిన బావి చూపించింది. జిరాక్సు షాపు బోర్డు వెనక్కి తొంగి చూడమంది, చూస్తే చెక్కలో చెక్కిన ద్రాక్షగుత్తులు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఆ జిరాక్సు షాపు ముందే బస్సెక్కాను. ఒక్కనాడైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు. అందరూ ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకుంటుంటే నాకు నా మీదా, ఆ షాపువాడి మీదా, అసలు మన జాతి మొత్తం మీదా ఒళ్ళు మండింది.

చివరికి ఒక పాత మేడ లోపలి హాల్లోకి తీసుకెళ్ళి తెల్లగోడ ముందు నిలబెట్టింది. గోడ నిండా సున్నం, పూత మీద పూత. ఒక్కచోట మాత్రం అరచెయ్యంత మేర సున్నం జాగ్రత్తగా ఊడదీశారు. అక్కడ ఒక ఎర్ర పువ్వు, నిన్ననే వేసినంత నిగనిగలాడుతూ ఉంది.

"ఈ సున్నం ఎవరు వేసుంటారో, ఎందుకు వేసుంటారో చెప్పండి చూద్దాం" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

ఎవరు వేసుంటారో నాకు బాగా తెలుసు. ఎవరో ఒక నాయనమ్మ వేసుంటుంది. ఎవరో పెద్దమనిషి ఇంటికొస్తున్నాడని వేసుంటుంది. నాకిక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. మోకాలు నొప్పి పెడుతోందని చెప్పి బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను.

మాది నూజివీడు. జమీందారీలు పోయాక దివాణం వాళ్ళ ఆవరణలు ముక్కలుగా అమ్ముడుపోతే, అందులో ఒక ముక్క మా తాత కొన్నాడు. నాకు ఊహ తెలిసేనాటికి తాత లేడు. ఇంట్లో నాయనమ్మ, ఆవిడ ఇద్దరు కొడుకుల కుటుంబాలు. పెద్దకొడుకు మా నాన్న, హైస్కూల్లో సోషల్ మాస్టారు. చిన్నకొడుకు మా బాబాయి, మామిడి వ్యాపారం చేసేవాడు. రెడ్డిగూడెం వైపు తోటల్ని పూత మీదే గుత్తకు పట్టి, కాయ దిగాక లారీలకెత్తించేవాడు. నాన్న గడిచిన కాలం గురించి మాట్లాడేవాడు, బాబాయి రాబోయే లారీ గురించి మాట్లాడేవాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగారంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

ఇంటికి తగలకుండా, రోడ్డు వైపు మూలన, ఒక గది ఉండేది. దానికి ఎనిమిది గోడలు, ఎనిమిది మూలలు, ఒక్కటే గుమ్మం. కిటికీలు లేవు. పైన గుమ్మటం, దాని నడినెత్తిన వెలుగు దిగడానికి పళ్ళెమంత కన్నం. గోడలు ఎంత మందమంటే గుమ్మంలో నేను హాయిగా కాళ్ళు చాపుకుని పడుకునేదాన్ని. లోపల మాట్లాడితే మాట గింగురుమని గోడ గోడకీ తగిలి, కాస్త ఆలస్యంగా, కాస్త పెద్దరికం పులుముకుని మళ్ళీ మన చెవికే వచ్చేది.

ఆ గోడల మీద బొమ్మలుండేవి. ఒక్కో గోడకీ ఒక్కో మామిడి చెట్టు, కాయలతో సహా. గుమ్మం ఉన్న గోడకి కూడా ద్వారబంధం మీదుగా కొమ్మలు వాలి ఉండేవి. పొగచూరి, చెమ్మకి మసకబారి ఉన్నా, ఎండ నడినెత్తికొచ్చే వేళ పైనుంచి వెలుగు దిగితే చిలకపచ్చా పసుపూ తేటగా కనిపించేవి. పెద్ద రసం, చిన్న రసం, చెరుకు రసం, పంచదార కలశ, బంగినపల్లి, సువర్ణరేఖ, కొబ్బరి మామిడి. ఈ ఏడూ పిల్లలం కూడా చూసి పేర్లు చెప్పేసేవాళ్ళం. గుమ్మానికి ఎదురుగా ఉన్న ఎనిమిదో గోడ దగ్గరే వచ్చింది చిక్కు. ఆ చెట్టు కాయ సన్నగా, పొడుగ్గా, నడుముకి ఎర్రటి పట్టీ కట్టినట్టు ఉండేది. అలాంటి కాయ మేమెవరం తినలేదు, చూడలేదు.

నాన్న కనిపించిన ప్రతి పెద్దమనిషినీ ఆ గోడ ముందుకు తెచ్చి అడిగేవాడు. తెలియదన్న మాట ఒక్క నోటివెంట వస్తే ఒట్టు! మా పురోహితుడు గారు కాయ సంగతి వదిలేసి, "ఎనిమిది గోడలంటే అష్టదిక్పాలకుల మండపం మాస్టారూ, సందేహమే లేదు" అన్నాడు. ఎదురింటి రిటైర్డు కాంపౌండరు గారు ఆయుధాలు దాచిన గది అన్నాడు. కాయ గురించి అడిగితే ప్రతివాళ్ళూ "అదా! మా తోటలో ఉండేది, గాలివానకి పడిపోయింది" అనేవారు. అందరి తోటల్లోనూ ఉండి, అందరి తోటల్లోనూ ఒకే గాలివానకి పడిపోయిన ఆ చెట్టు పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. నాన్న అన్నీ శ్రద్ధగా వినేవాడు. వాళ్ళు వెళ్ళాక, "వెనకటికి ఇక్కడ అతిథులకి పళ్ళు పెట్టేవాళ్ళనుకుంటానే. గోడ చూసి, నాకు ఫలానాది కావాలని అడిగేవాళ్ళేమో" అని నాతో అనేవాడు. నాకు ఆ మాటే నచ్చేది.

నాయనమ్మకి మాత్రం అనుమానాలేవీ లేవు. "మాగబెట్టే గది. ఇంకేంటి?" అనేది. ఎర్ర పట్టీ కాయ సంగతి అడిగితే, "వేసినవాడికి రంగు ఎక్కువైంది" అని తేల్చేసింది.

ఆవిడ లెక్కలో ఆ గది మామిడిపళ్ళ కోసం పుట్టింది. కోసుకొచ్చిన కాయల్ని ముందు ముచ్చికలు కిందికి పెట్టి సొన కారనిచ్చేది. తరవాత గదిలో వరిగడ్డి మెత్తగా పరిచి, కాయ కాయకీ ఒరుసుకోకుండా పేర్చి, పైన మళ్ళీ గడ్డి, దాని మీద గోనెపట్టాలు కప్పి తలుపు మూసేది. ఆ తలుపు మళ్ళీ ఆవిడే తియ్యాలి. ఇంకెవరు తీసినా వేడి చెదిరిపోతుందని కేకలేసేది. నాలుగో రోజునుంచి తలుపు సందులోంచి వాసన మొదలయ్యేది. ముందు గడ్డి వాసన, ఆ వెనకాల తేనె వాసన, దాని వెనకాల ఎక్కడో చిన్న పులుపు. రోడ్డు మీద ఎర్రబస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా మా ఇంటివైపు తిరిగి నిలబడేవారు.

బాబాయి కొడుకు, నాకన్నా చిన్నవాడు, వాడి దొంగతనం వేరు. చిన్న రసం ముచ్చిక దగ్గర కొరికి, రసమంతా పీల్చేసి, తొక్కలోకి గాలి ఊది, బొద్దుగా చేసి మళ్ళీ గడ్డిలో పెట్టేసేవాడు. నాయనమ్మ పండనుకుని ఎత్తితే చేతిలో తొక్క తుస్సుమనేది. "ఒరే గాలి వెధవా!" అని ఆవిడ అరిస్తే, గది ఆ అరుపుని పట్టుకుని ఎనిమిది గోడల చుట్టూ తిప్పేది. వాడు అప్పటికే రోడ్డు దాటి ఉండేవాడు.

సాయంత్రం అందరం వసారాలో వరసగా కూర్చుంటే ఆవిడ ఒక్కో పండూ వాసన చూసి, ఎవరికి ఏది ఇవ్వాలో చూసి ఇచ్చేది. మోచేతులదాకా రసం కారుతుంటే నాకితే తప్పు లేదు. చొక్కాకి తుడిస్తే మాత్రం వీపు చిట్లేది.

ఊళ్ళో సిమెంటు డాబాలు లేస్తున్న రోజులవి. లారీల వ్యాపారంలోకి కార్బైడ్ వచ్చింది. చిన్న పొట్లం కాయల బుట్టలో పడేస్తే రెండ్రోజుల్లో పసుపుపచ్చగా నిగనిగలాడేవి. బాబాయి ఒకరోజు అలాంటి పండు తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టాడు.

"చూడమ్మా. రెండ్రోజులు. ఇంక ఆ గడ్డీ, ఆ గదీ ఎందుకు? రోడ్డు పక్క బంగారంలాంటి జాగా. గది కొట్టేసి షాపులు కడదాం."

నాయనమ్మ పండు వాసన చూసి వెనక్కిచ్చేసింది. "మొహానికి పసుపు రాసుకుంటే పెళ్ళికూతురైపోద్దా?"

"అమ్మా, నువ్వు..."

"లోపల పుల్లగా ఉంది. తిని చూడు" అని లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ పూట సరిగా అన్నం తినలేదు. కొడుకు అన్నాడంటే చేస్తాడని ఆవిడకి తెలుసు.

నాన్న మధ్యలోకి దిగాడు. పాత కట్టడాల సంగతి చూసే సర్కారు ఆఫీసరు ఒకాయన్ని పట్టుకుంటానన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఆఫీసరు వచ్చి గది చూసి, ఇది కాపాడాల్సిందేనని ఒక్క మాట అంటే బాబాయి ఇక దాని జోలికి రాడు. అలా అనకపోతే మర్నాడే మేస్త్రీని పిలుస్తాడు. నాన్న ధీమాగా ఒప్పుకున్నాడు. ఎవరొచ్చి చూసినా ఆ చెట్లు చూశాక కాదనలేరని ఆయన నమ్మకం.

స్టూడియో ఆయన్ని పిలిచి ఫోటోలు తీయించమని అమ్మ చెప్పింది. నేనూ చెప్పాను. "ఆఫీసరు గారి దగ్గర మంచి కెమెరా ఉంటుంది. ఆయనే తీస్తాడుగా" అన్నాడు నాన్న. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది.

వేసవి సెలవుల్లో, కాయ మాంచి జోరు మీదున్నప్పుడు, ఆఫీసరు గారు ఏదో పని మీద బెజవాడ వస్తున్నారని తెలిసింది. ఆయన్ని వెంటబెట్టుకు రావడానికి నాన్న ముందురోజే బయల్దేరాడు. నేను ఏడిచి మరీ వెంటపడ్డాను. అమ్మ ఎవరిదో పెళ్ళికని చింతలపూడి వెళ్ళింది. బస్సుకి టైమైపోతోందని నాన్న చెప్పులు తొడుక్కుంటూ నాయనమ్మతో అన్నాడు.

"అమ్మా, రేపు పెద్దాఫీసరు మన గది చూడటానికి వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటేనే గది నిలబడేది."

"మెచ్చుకోకేం నాయనా! నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా" అంది నాయనమ్మ.

అంతే. బొమ్మలు చూడటానికని ఒక్క ముక్క చెప్పలేదు మహానుభావుడు! పిల్లలకి పాఠం పదిసార్లు చెప్పే మనిషి, కన్నతల్లికి ఒక్క మాట సరిగా చెప్పలేకపోయాడు.

మర్నాడు ఆఫీసరు గారి జీపులోనే ఆగిరిపల్లి మీదుగా వచ్చాం. దారి పొడుగునా నాన్న ఎనిమిది చెట్ల గురించే చెప్పాడు. ఆఫీసరు గారు కూడా ఉత్సాహంగా, "ఆ ఎర్ర పట్టీ కాయ నాకూ చూడాలని ఉందండీ" అన్నారు. నేను వెనక సీట్లో కూర్చుని, బాబాయి మొహం ఎలా మాడిపోతుందోనని ఊహించుకుంటూ మురిసిపోయాను.

వాకిట్లో జీపు దిగగానే పచ్చిసున్నం వాసన గుప్పుమంది.

వసారా నిండా గడ్డి. ఆ గడ్డిలో సగం మాగిన కాయలు, పట్టా కూడా కప్పకుండా. తలుపు తీస్తేనే కేకలేసే మనిషి గది మొత్తం ఖాళీ చేసేసింది. గుమ్మానికి మావిడాకుల తోరణం, నేల మీద ముగ్గు. లోపల ఎనిమిది గోడలూ నీలిమందు కలిపిన తెల్లటి తెలుపు. నేలకి ఆనుకుని చుట్టూ ఎర్రటి జాజు పట్టీ. చెట్లు లేవు. ఒక్క ఆకు లేదు.

పెట్టెలోంచి తీసిన జరీ చీర కట్టుకుని, తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది నాయనమ్మ. మోచేతులదాకా చర్మం ఎర్రగా పొంగి ఉంది. ముందురోజు మేం బస్సెక్కగానే సున్నపురాళ్ళు తెప్పించి నానేసి, నిచ్చెన ఎక్కి, కొబ్బరిపీచు కుంచెతో గుమ్మటందాకా ఆవిడే వేసిందట. పనివాళ్ళయితే మరకలు వదిలేస్తారని ఎవరినీ రానివ్వలేదట. పిన్ని నీలిమందు కలిపి అందించిందట. వద్దనలేదేంటని తరవాత పిన్నినడిగితే, "అత్తయ్యగారికి నేనేం చెప్తానే" అంది. బాబాయి తోటకెళ్ళి ఆ రాత్రి ఇంటికే రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. అదీ మా సంసారం!

నాన్న లోపలికి వెళ్ళి ఎనిమిదో గోడ మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీస్తే అరచేతి నిండా తడిసున్నం. ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఎలా ఉందండీ గది?" అడిగింది నాయనమ్మ. ఆ మొహంలో వెలుగు చూడాలి!

ఆఫీసరు గారు నాలుగుపక్కలా చూసి, నాన్నవైపు చూసి, "పాలలా ఉందమ్మా" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "మాస్టారూ, మరి మీరు చెప్పిన బొమ్మలు..." అన్నారు.

నేను నాన్న చొక్కా పట్టుకుని లాగాను. "నాన్నా, ఇంకా తడిగానే ఉంది. నీళ్ళు కొట్టి కడిగితే పోతుంది. చెప్పు నాన్నా!"

"ఊరుకో" అన్నాడు నాన్న.

"చెప్పు నాన్నా!"

"ఊరుకోమన్నానా!" నా మీద ఆయన గొంతెత్తడం అదే మొదటిసారి. గది కూడా ఆ మాటని ఊరుకోనివ్వలేదు. గోడ గోడకీ తగిలి మళ్ళీ మళ్ళీ నా మీదికే వచ్చింది. నాన్న ఆఫీసరు గారి వైపు తిరిగి, "బొమ్మలు ఒకప్పుడు ఉండేవండి. పాతబడిపోయాయి" అన్నాడు.

"వట్టి గోడ చూసి నేనేం రాయను చెప్పండి? ధాన్యం కొట్టు అయ్యుంటుంది" అన్నారు ఆఫీసరు గారు, జాలిగా.

"అయ్యుంటుందండి" అన్నాడు నాన్న.

వసారాలో ఆయనకి అరిటాకేసి భోజనం పెట్టారు. ముద్దపప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు, మామిడిపండు. నాయనమ్మే పక్కన కూర్చుని విసిరింది. పండు దగ్గరికొచ్చేసరికి నొచ్చుకుంది. "ఇంకో రెండ్రోజులు గడ్డిలో ఉంటే అమృతంలా ఉండేది బాబూ. గది ఖాళీ చెయ్యాల్సొచ్చింది కదా." ఆయన బాగుందన్నారు. అంతకుమించి ఏమంటారు? నాకు గట్టిగా అరవాలనిపించింది. ఇంత ఘోరం జరిగితే అందరూ పెరుగన్నం తింటున్నారేంటని!

జీపు వెళ్ళాక నేను నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. "బొమ్మలన్నీ పాడు చేశావు! ఆయన వచ్చింది బొమ్మల కోసం!"

"ఏ బొమ్మలే?" అంది ఆవిడ అయోమయంగా. "ఆ మకిలా?"

నేను నోరు తెరిచేలోపు నాన్న మా మధ్యకొచ్చాడు. "ఏం లేదమ్మా. ఎండలో వచ్చింది కదా, దానికి చిరాకు." ఆయన జేబు అంచున సున్నం మరక తెల్లగా ఆరిపోయి ఉంది. నాయనమ్మ ఆ మరక చూసింది. ఏమనుకుందో తెలియదు, లోపలికి వెళ్ళి వేపనూనె సీసా తెచ్చుకుని చేతులకి రాసుకుంటూ కూర్చుంది.

సాయంత్రం బాబాయి వచ్చాడు. ఆఫీసరు ఏమన్నాడో చెప్పించుకున్నాడు. తెల్లారాక అన్న మాట ప్రకారం మేస్త్రీని తీసుకొచ్చి గది ముందు నిలబెట్టాడు కూడా. నేను తలుపుకి అడ్డం నిలబడదామనుకుంటున్నా. ఇంతలో నాయనమ్మ కాఫీ పట్టుకొచ్చింది. గ్లాసు పట్టుకోలేక కొంగుతో పట్టుకుంది. బాబాయి ఆ చేతులు చూశాడు. గోడలు చూశాడు. మళ్ళీ చేతులు చూశాడు.

"ఏంటమ్మా ఇది! ఈ వయసులో నిచ్చెనెక్కి... నీకేమన్నా మతిపోయిందా?" అని ఆవిడ మీద ఎగిరాడు. తరవాత మేస్త్రీ మీద ఎగిరాడు. "ఇంకా తడి కూడా ఆరలేదు, దాని మీద గునపం ఎలా వేసేదయ్యా? పో, పో. షాపులు ఆ పక్కనుంచి మొదలెడదాం" అన్నాడు. ఆ ఏటికి ఆగాడు. మళ్ళీ ఏడాది కాయ దిగేముందు నాయనమ్మ మళ్ళీ సున్నం వేసింది. బాబాయి మళ్ళీ ఆగాడు. షాపులు గది చుట్టూ వచ్చాయి గానీ గది మీదికి రాలేదు.

నాన్నతో నేను చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఒకరోజు ఆయనే అరుగు మీద నా పక్కన కూర్చుని, "గది నిలబెట్టాలనే వేసిందే ఆవిడ. పదిమందిలో అది తప్పని ఎలా అనను?" అన్నాడు. నాకు సమాధానం నచ్చలేదు. నిజం చెప్పడానికి పదిమంది ఉంటే ఏంటి, పదకొండో మనిషి ఉంటే ఏంటి? ఆ మాటే అన్నాను. ఆయన నా తల నిమిరి లేచిపోయాడు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఏ ఊరి సంతకెళ్ళినా మామిడికాయల గుట్ట దగ్గర ఆగేవాడు. ఒక్కో కాయా తిప్పి నడుము చూసి, "ఇది కాదు" అని పెట్టేసేవాడు.

ఆయన పోయాడు, నాయనమ్మ అంతకుముందే పోయింది. కోపం మాత్రం నా దగ్గర మిగిలిపోయింది. ఆవిడ తద్దినాలకి వెళ్ళినా ఆ గదిలో అడుగు పెట్టేదాన్ని కాదు.

హైదరాబాదు అరుగు మీద ఇదంతా నెమరేసుకుంటుంటే ఆ తిప్పే అమ్మాయి మంచినీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. పక్కన కూర్చుని అడిగింది. "ఏమైందమ్మా? ఎవరినో తిట్టుకుంటున్నట్టున్నారు."

"సున్నం వేసినవాళ్ళని" అన్నాను.

"అయ్యో, వాళ్ళని తిట్టకండి. మేము దండం పెట్టుకుంటాం. ఇదే మేడలో సున్నం వెయ్యని గోడలున్నాయి, పొగకీ చెమ్మకీ రంగంతా పొడిపొడిగా రాలిపోయింది. సున్నం కింద ఉన్నవే మిగిలాయి. గోడకి ప్రాణం తీసేది సున్నం కాదమ్మా. గీకుడు, పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు."

"తడిగా ఉన్నప్పుడు కడిగేస్తే?"

"రంగు కూడా కలిసి పోయేది."

చేతిలో సీసా పక్కన పెట్టేశాను. తరవాత ఎనిమిది మూలల గది గురించి చెప్పాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టేసుకుంది. వచ్చే ఆదివారమే వస్తానంది. అప్పటిదాకా ఎవరినీ గోడ ముట్టుకోనివ్వొద్దంది.

అక్కడినుంచే మా తమ్ముడికి, అదే, ఆ గాలి వెధవకి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడికి అక్కడ హార్డ్‌వేర్ షాపు. గదికి దారి ఆ షాపులోంచే, సిమెంటు బస్తాల వెనకాల.

"గది ఉందా రా?"

"ఎక్కడికి పోతుందక్కా. పాత సామాను పడేశాం."

"ఆదివారం హైదరాబాదునుంచి ఆ గది చూడటానికి వస్తున్నారు. చాలా తెలిసినవాళ్ళు" అని చెప్పి, సిగ్నలు సరిగా లేక పెట్టేశాను.

గురువారం వాడే ఫోన్ చేశాడు, గొంతునిండా సంబరం. "అక్కా, నువ్వేం దిగులు పడకు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే ఊరికే ఉంటామా? ఇద్దరు పెయింటర్లని పెట్టా. ఆ పాత సున్నమంతా గీకించేసి, పుట్టీ పట్టించి, లేత గులాబి రంగు. మన షాపులో సరుకే. ఈ పొద్దున్నే మొదలెట్టారు."

నేను అరిచిన అరుపుకి మనవరాలు బాత్రూంలోంచి పరిగెత్తుకొచ్చింది. ఆపమన్నాను. ఎందుకక్కా అన్నాడు. ఎందుకో తరవాత చెప్తాను, ముందు ఆపమన్నాను. ఆ మాత్రం చాలదని నాకు తెలుసు. మా ఇంట్లో మాట ఎంత దూరం పోతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? దొరికిన బస్సెక్కాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. "గది చూడటానికి వస్తున్నారు." అక్షరం పొల్లు పోకుండా నాన్న చేసిన పనే చేశాను కదా!

వెళ్ళేసరికి గుమ్మం పక్కన మూరెడు మేర గీకేశారు. గోడ నల్లటి గచ్చుదాకా తేలింది. కింద తెల్లటి పెచ్చులు కుప్పగా పడున్నాయి. వంగి ఒక పెచ్చు తిప్పి చూశాను. వెనకవైపు చిలకపచ్చ రంగు. ద్వారబంధం మీద వాలిన కొమ్మ అది. నా వేళ్ళ మధ్యే పొడైపోయింది. నేను ఆ కుప్ప పక్కనే చతికిలబడి ఏడ్చాను. పెయింటర్లిద్దరూ కంగారుపడి బ్లేడ్లు వెనక్కి దాచుకున్నారు.

తమ్ముడికి అన్నీ విడమరిచి చెప్పాను. మొదటినుంచీ, చివరిదాకా, ఒక్క ముక్క మింగకుండా. వాడు తల పట్టుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా అక్కా!" అన్నాడు. వాణ్ణి కొట్టాలో నన్ను కొట్టుకోవాలో తెలియలేదు.

ఇప్పుడు శనివారం. గది మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తమ్ముణ్ణి నమ్మను, వాడి పెయింటర్లని అసలే నమ్మను. ఎదురుగా ఎనిమిదో గోడ, తెల్లగా, ముసలి చెయ్యిలా ముడతలు పడి. కుంచె గీతలు ఇంకా తెలుస్తున్నాయి. అందినంత మేర అడ్డంగా, అందని చోట నిచ్చెన మీదనుంచి వేసినట్టు నిలువుగా. ఆ గీతల్లో కొబ్బరిపీచు పోగొకటి అంటుకుని ఉంది.

బ్రష్షులు తీసుకెళ్ళడానికి వచ్చిన పెయింటరు నన్నోసారి, గోడనోసారి చూశాడు.

"తెల్లగోడకి కాపలా ఏంటమ్మగారూ? ఏముంది దాని మీద?"

మామిడి చెట్టు సంగతి చెబుదామనే నోరు తెరిచాను.

"మా నాయనమ్మ వేసిన సున్నం" అన్నాను. "చెయ్యి వెయ్యకు."